బండారి పట్టని అవ్వ

"బండారి పట్టవ్వా! బాపురావుకే ఓటని ఒట్టెయ్యి."

రాజనర్సు మల్లన్న పసుపు పళ్లాన్ని భూమవ్వ ముందుకు తోశాడు.

ఆమె చాటలోని బీడీ మీంచి తల ఎత్తలేదు.

"గది దేవుని బండారి బిడ్డా. బాపురావు ఇంట్ల పండిందా?"

పక్కన బీడీలు చుట్టే ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. రాజనర్సు ముఖం మాడిపోయింది.

మొన్నమొన్న సిరికొండ నుంచి వచ్చి అతని అరుగు మీదే తలదాచుకున్న ముసలిది! వాడంతా బండారి నుదుట పెట్టుకుని ఒట్టేసింది. చంకలో చంటిదానితో అతని భార్య గోదావరి కూడా వేసింది. పట్టనిది ఈ ఒక్క చెయ్యే.

వాడకు నల్లా కావాలి. మున్సిపల్ ఎన్నికల్లో ఓట్లన్నీ గుత్తగా వేయిస్తానని రాజనర్సు బాపురావుకు మాటిచ్చాడు. ఆ మాట మీదే పైపులు దిగాయి.

ఓట్లనాడు భూమవ్వ కూడా ఆడవాళ్ల వెంట ఓట్లేసే బడి దాకా నడిచింది. రాజనర్సు చూసి పళ్లు కొరికాడు.

బాపురావు ఒక్క ఓటుతో ఓడిపోయాడు. గెలిచింది ఇండిపెండెంటు.

తెల్లారి లారీ వచ్చింది. దింపిన పైపులన్నీ మళ్లీ ఎక్కించారు. పైపులకూ కాళ్లుంటాయని వాడకు ఆ రోజే తెలిసింది.

"ఓటు ఆయనకేసి నల్లా ఈయన్నడుగుతరా? సిగ్గుండాలె!" బాపురావు మనిషి ఉమ్మేసి లారీ ఎక్కాడు.

జనం అరుగు మీద పడ్డారు.

"నువ్వే గదనే ముసల్దానా?" రాజనర్సు కేకేశాడు.

భూమవ్వ అతన్ని చూసింది. గడపలో బిగుసుకుపోయిన గోదావరిని చూసింది.

"ఔ బిడ్డా. నేనే."

చాట ఎగిరి వీధిలో పడింది. బీడీల తునికాకు మోరీ నీళ్లలో కలిసింది. ముసలిది మూట చంకన పెట్టుకుని ఎండలో పోయింది. ఆగమన్నవాడు లేడు.

సాయంత్రం ఆటో డ్రైవరు కబురు తెచ్చాడు. ఇందల్వాయి దగ్గర, సిరికొండ బస్సు కోసం కూర్చున్నది కూర్చున్నట్టే అవ్వ ప్రాణం పోయిందట.

గెలిచిన ఇండిపెండెంటు అప్పటికే బాపురావు పార్టీ కండువా కప్పుకున్నాడు.

"బండారిని కాదంటే మల్లన్న ఊకుంటడా?" అన్నాడు రాజనర్సు.

గోదావరి నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"ఇండిపెండెంటుకు ఏసింది నేను. ఒక్కపారన్న నా ఓటు నేనే ఏసుకోవాలనిపించింది."

రాజనర్సు చెయ్యి లేచింది. ఆమె కదల్లేదు.

"నువ్వు గిట్ల సంపుతవనే అవ్వ తన మీదేసుకున్నది. మన చంటిదాన్ని ఎత్తుకునేటందుకు బడి దాకొచ్చింది గనీ, ఆమెకు ఈ ఊర్ల ఓటే లేదు."