గోరువెచ్చని నీళ్లు

“ఇంకా చల్లగానే ఉన్నాయి” అని బాత్రూంలోంచి సర్దార్ మళ్లీ కేకేశాడు.

పెరటి గోడకు బిగించిన గ్యాస్ గీజర్ ముందు మెకానిక్ హరిబాబు నెత్తి పట్టుకున్నాడు. ట్యాంకు లేని గీజర్. లోపల కొళాయి తిప్పగానే మంట వెలగాలి. వెలుగుతూనే ఉంది, భగ్గుమంటోంది కూడా. మరి నీళ్లకేం రోగం?

గదిలో రుబీనా ఒళ్లో పాప. నెలలు నిండకుండా పుట్టి, ఇన్నాళ్లూ ఆస్పత్రి గాజుపెట్టెలో ఉండి, నిన్ననే బందరులో ఇంటి మొహం చూసింది. ఇవాళ తొలి స్నానం. చలి తగిలితే పిల్లకు మళ్లీ ఊపిరి అందదని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. రుబీనాకు తల్లి లేదు. అందుకే తండ్రి సర్దార్ పెడన నుంచి వచ్చి అన్నీ తానే చూసుకుంటున్నాడు. మనవరాలి విషయంలో ఎవర్నీ నమ్మడు.

హరిబాబు గ్యాస్ పెంచాడు. ధార సన్నబడితే వేడి పెరుగుతుందని నీళ్లు తగ్గించాడు. సర్దార్ బకెట్లో చెయ్యి పెట్టి చూసి, చాల్లేదన్నాడు. ఇంకాస్త పెంచితే అదీ చాల్లేదన్నాడు.

ఇంతలో కరెంటు పోయింది. బాత్రూం చీకటి గుయ్యారమైంది. ఇక చేసేదేం లేక సర్దార్ వంటింట్లోకి వెళ్లి, మరుగుతున్న టీని స్టీలు గ్లాసుల్లో పోసి పట్టుకొచ్చాడు. హరిబాబు ఒకటి అందుకున్నాడు. వేళ్లు చురుక్కుమనేసరికి గబుక్కున గోడ మీద పెట్టేశాడు.

“టీ గ్లాసే పట్టుకోలేవు, నువ్వు గీజర్లేం బిగిస్తావయ్యా?” అన్నాడు సర్దార్.

హరిబాబుకి ఒళ్లు మండింది. మీట చివరిదాకా తిప్పేసి, ఇంతకంటే తన వల్ల కాదని తేల్చేశాడు.

బకెట్ నిండింది.

“ఆఁ, ఇప్పుడు గోరువెచ్చగా ఉన్నాయి. పిల్లను తీసుకురామ్మా.”

రుబీనా చీకట్లో తడుముకుంటూ వచ్చింది. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పాపను బోర్లా పడుకోబెట్టుకుంది.

సామాను సర్దుకుంటున్న హరిబాబుకి మనసెందుకో పీకింది. మీట చివరికి తిప్పిన గీజర్ నీళ్లు గోరువెచ్చగా ఉండటమేమిటి? తలుపు దగ్గరకొచ్చి, తననీ ఒకసారి వేలు పెట్టి చూడనిమ్మన్నాడు.

సర్దార్‌కి రోషం వచ్చింది. మగ్గు ముంచాడు.

“నాకు చెప్పొచ్చావా హరిబాబూ, ముప్పై ఏళ్లు కలంకారీ బట్టల్ని పొగలు కక్కే రంగునీళ్లలోంచి వట్టి చేత్తో తీసిన చెయ్యి ఇది.”