నీలం తిరిగిన ఫొటో

మళ్లీ నీలంగానే వచ్చింది.

"నా పెదాలు చూడండి. శవంలా లేనూ?" సూర్యకాంతం కెమెరా మీంచి చూపు తిప్పుకుంది. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. మొదటి బిడ్డ నీలంగా పుట్టి దక్కలేదు. అప్పట్నుంచి ఆ రంగంటేనే ఆమెకు వణుకు.

"అది ఫిల్టరు చేసిన అల్లరి కాంతం," అన్నాడు సింహాచలం. బస్తర్ ఇనుపగనిలో డంపరు నడిపే అతనికి ఫొటోలంటే పిచ్చి. పొద్దున వాగు నీళ్లు దూదిలా రావాలని లెన్సుకు నల్లద్దం ఫిల్టరు బిగించి, పాపం ఆమెను ఒడ్డున కదలనివ్వకుండా నిలబెట్టాడు. "నల్లద్దం వెలుతురు తగ్గించి ఊరుకోదు, తన రంగు కూడా అంటిస్తుంది. తెల్లటిది చూపించి ఇదే తెలుపని చెబితే కెమెరా సరిచేసుకుంటుంది."

"వాగు దగ్గర మీ తువ్వాలు చూపించారు కదా?"

"అది సరిగ్గా పట్టుకోలేదేమో. ఇంకా తెల్లటిది తే. పసుపూ కుంకుమా అంటినది వద్దు. ఆ రంగు తీయబోయి ఎదురు రంగు నీలాన్ని మొహానికి పులుముతుంది."

ఆమె పెట్టె తెరిచింది. పుట్టబోయే బిడ్డకని పాతపంచె చింపి, క్వార్టర్ కుళాయి కింద మళ్లీ మళ్లీ ఉతికి దాచిన గుడ్డ తెచ్చింది.

"ఇంతకంటే తెల్లటిది ఈ టౌన్‌షిప్‌లో ఎవరింట్లోనూ ఉండదు."

పెరట్లో ఎండలో దాన్ని దండెం మీద ఆరేసి కెమెరాకు చూపించాడు. పక్కన ఆమెను నిలబెట్టి తీశాడు. ఫొటోలో గుడ్డ మల్లెపువ్వులా ఉంది. ఆమె మొహం మాత్రం నీలంగా ఉంది.

ఫిల్టరు విప్పేశాడు. గుడ్డను మళ్లీ చూపించి తీశాడు. నీలమే.

"ఫిల్టరు తీసేశారుగా? మరి ఈ రంగు ఎక్కణ్నుంచి వస్తోందండీ?"

సింహాచలం తన అరచెయ్యి ఫొటో తీసుకున్నాడు. అదీ నీలంగానే వచ్చింది. అప్పుడు అతనికీ భయం వేసింది.

అంతలో విశాఖ రైలు దిగి అత్తగారు పైడమ్మ వచ్చింది, కూతుర్ని పురిటికి తీసుకెళ్లడానికి.

"అమ్మా, ఈ బిడ్డ కూడా దక్కదే," అని కాంతం ఆమెను పట్టుకుని ఏడ్చేసింది.

"ఏటే ఆ మాటలు? ఫొటో ఏటి సెప్తాది? నాను ఉన్నాను కదా, బయపడకు." పైడమ్మ సంచిలోంచి ఒక గుడ్డ తీసింది. "బిడ్డకని మనూరి సెరువులో ఉతికి తెచ్చినాను. రైల్లో సెమ్మగిల్లిపోనాది. ఎండలో ఎయ్యాల." దాన్ని దండెం మీద, కాంతం గుడ్డ పక్కనే ఆరేసింది.

సింహాచలం చేతిలో కెమెరా అలాగే ఉండిపోయింది. కాంతం ఏడుపు ఆపి, మెల్లగా కడుపు మీద చెయ్యి వేసుకుంది.

తెల్లటి ఆ గుడ్డ పక్కన తమది గనిమట్టిలా ఎర్రగా ఉంది.