నలభై మూడు అడుగులు

"ఇక్కణ్ణుంచి గొడ్ల కొట్టానికి నలభై మూడు అడుగులు" అన్నాడు ముసలాయన, గుమ్మంలో నిలబడి మోకు విప్పుతూ. కొట్టం వైపు తల కూడా తిప్పలేదు.

టోర్గిల్ నవ్వాడు. "కొలవకుండానే చెప్పేస్తున్నావే! సోదె కూడా చెప్తావా తాతా?"

ముసలాయన మోకు ఒక కొస గుమ్మానికి, రెండో కొస కొట్టం తలుపుకి బిగించాడు.

అమెరికాలోని డకోటా మైదానంలో ఏటా మంచు పడకముందే వచ్చి, ఇంటింటికీ ఇలా మోకులు కట్టిపోవడం ఆయనకు అలవాటు. మోకుల పిచ్చోడు అనేవాళ్ళు. టోర్గిల్ ఆ పొలానికి వచ్చి ఏడాది కాలేదు.

"తుఫానొస్తే మన చెయ్యి మనకే కనపడదు బాబూ. వసంతం దాకా దీన్ని విప్పకు."

"నా ఇంటికీ నా గొడ్లకీ మధ్య దారి తప్పుతానా? కళ్ళు మూసుకుని పోతా!"

"అందరూ అదే అంటారు."

లోపల కూర్చోబెట్టి కాఫీ ఇద్దామంది టోర్గిల్ భార్య సిగ్రిడ్.

"దారినపోయేవాణ్ణి లోపలికి పిలిస్తే పాతుకుపోతాడు" అన్నాడు టోర్గిల్. ఆ మాట ముసలాయనకు వినపడేలాగే అన్నాడు.

ముసలాయన సిగ్రిడ్ ఇచ్చిన కప్పు పట్టుకెళ్ళి, కొట్టం వెనక పేరులేని రాయి పక్కన కూర్చుని తాగాడు.

జనవరిలో ఒకరోజు వెచ్చగా ఎండ కాసింది. బండి మీది గడ్డి కట్టడానికి తాడు చాలక టోర్గిల్ ఆ మోకే విప్పాడు.

మధ్యాహ్నం అతను కొట్టంలో మేత వేస్తుండగా తుఫాను విరుచుకుపడింది.

ఇంటి తలుపు తోసుకుని ముసలాయన వచ్చాడు. మీసాల నిండా మంచు.

"ఆకాశం చూసి పరిగెత్తుకొచ్చాను. మోకేదమ్మా?"

"మా ఆయన బండికి విప్పేశాడు తాతా! ఇంకా కొట్టంలోనే ఉన్నాడు!"

ముసలాయన పొయ్యి మీది తపేలా, గరిటె అందుకున్నాడు.

"గుమ్మంలోంచే కొట్టు తాతా!"

"ఈ గాలికి వినపడదు తల్లీ. ఎదురెళ్ళాలి."

టోర్గిల్ అప్పటికే కొట్టంలోంచి బయల్దేరాడు. పది అడుగులకే దిక్కు తప్పాడు. ఎటు చూసినా తెలుపే.

అప్పుడు వినపడింది తపేలా మోత. దాన్ని పట్టుకుని నడిచాడు. ఒక చెయ్యి అతని భుజం పట్టి తిప్పింది.

"తిన్నగా పో. ఆగకు!"

గుమ్మంలో పడ్డాక వెనక్కి చూశాడు. ఎవరూ లేరు.

మోత కాసేపు వినపడింది. తర్వాత ఆగిపోయింది. కళ్ళు మూసుకుని పోతానన్నవాడు మళ్ళీ గుమ్మం దాటలేకపోయాడు.

మూడో రోజు తుఫాను వెలిశాక ముసలాయన దొరికాడు. గరిటె చేతిలోనే ఉంది. నేల గడ్డకట్టి ఉండడంతో పూడ్చడానికి వసంతం దాకా ఆగాల్సి వచ్చింది.

గొయ్యి తవ్వడానికి పొరుగు రైతు హాకన్ వచ్చాడు. వస్తూనే పార తీసుకుని కొట్టం వెనక్కి నడిచాడు.

"ఆ రాయి పక్కనే ఎందుకు?" అన్నాడు టోర్గిల్.

హాకన్ వింతగా చూశాడు.

"నీకు తెలీదూ? ఈ ఇల్లు కట్టింది ఆయనే. ఆ రాయి కింద ఉన్నది ఆయన భార్య. మోకు లేని ఏడాది, కొట్టంలోంచి వస్తూ నలభయ్యో అడుగు దగ్గర పడిపోయింది."