ముల్లు డెబ్బై దాటలేదు

అక్కా, అమ్మ ఆఖరి ఘడియలకు ఎందుకు రాలేదని నువ్వింకా నిలదీస్తున్నావు గనుక ఇవాళ ఈ కార్డు రాస్తున్నాను.

అమ్మ దగ్గరికి కారులో బయల్దేరాల్సిన ఆ ఉదయం మా ఆయన నూన్జియో కింది వీధిలోంచి ఫోన్ చేసి, "ముసలిబండి స్టార్టవడం లేదే. మెకానిక్ దగ్గరికి తోయించుకుపోతున్నా. నువ్వు జపమాల చెప్పుకుంటూ కూర్చో" అన్నాడు. కూర్చున్నాను.

నిన్న అదే ఉదయం తేదీతో స్పీడు చలానా వచ్చింది. సముద్రం రోడ్డు మీద, గంటకు తొంభై రెండు.

"అన్యాయం! మీటర్లో ముల్లు డెబ్బై దాటలేదు, నా కళ్లతో చూశా!" అని మండిపడ్డాడు. కారు కదల్లేదని మాత్రం అనలేదు.

తర్వాత గొంతు తగ్గించాడు. "నా లైసెన్సులో పాయింట్లు అయిపోవచ్చాయి, ఈ తప్పు కూడా నా మీద పడితే లైసెన్సే పోతుంది. నువ్వే నడిపావని రాసిచ్చెయ్, నా బంగారం కదూ."

పాపమని తెలిసీ సంతకం పెట్టాను. కాగితాల ప్రకారం, అమ్మ నన్ను పిలుస్తుంటే సముద్రానికి కారు తోలుకుపోయింది నేనే.

ఈ కార్డు నీ దగ్గరే ఉంచుకో అక్కా, ఎవరికీ చూపకు.