గొడవలేని విడాకులు

“జడ్జి అడిగితే ఊరికే తల ఊపకు. నోరు విప్పి చెప్పాలి,” అన్నాడు దామోదర్, కారు అద్దం మీది మంచు గీకుతూ.

లోపల కూర్చున్న జయంతి తల ఊపింది.

1983 డిసెంబరు. డెట్రాయిట్ శివార్లలోని నోవై నుంచి పాంటియాక్ కోర్టుకి ముప్పావుగంట దారి. ఎదురుచెప్పేవాళ్లు లేని కేసు కాబట్టి భర్త రానక్కర్లేదని, అర్జీ పెట్టుకున్న జయంతి ఒక్కతే వస్తే చాలని లాయరు చెప్పాడు. ఇంత మంచులో ఆమె ఒక్కతీ ఎలా డ్రైవ్ చేస్తుందని దామోదర్ ఆఫీస్‌కి సెలవు పెట్టాడు.

వాళ్ల పెళ్లై మూడేళ్లయింది. పెద్దవాళ్లు పట్టుబట్టారు, ఇద్దరిలో ఎవరూ కాదనలేకపోయారు. కాకినాడలో పెళ్లి, పది రోజులకే డెట్రాయిట్ విమానం. వచ్చిన మొదటి వారంలోనే దామోదర్ తన పరుపు పక్కగదిలోకి మార్చుకున్నాడు. నీకు ఎప్పుడు ఇష్టమైతే అప్పుడే అన్నాడు. ఆ ఇష్టం ఆమెకు కలగలేదు. నిజానికి అతనికీ కలగలేదు. అలాగని పోట్లాడుకున్నదీ లేదు. ఆమెకు ఏది తింటే పడదో అతనికి తెలుసు. ఆఫీసులో విసిగిపోయి వచ్చిన రోజున అతను ఏ చారు పోస్తే తేరుకుంటాడో ఆమెకు తెలుసు. డ్రైవింగ్ నేర్పింది అతనే. ఆన్ ఆర్బర్ యూనివర్సిటీలో చదువుకి అప్లికేషన్ టైప్ చేసిందీ అతనే. సీటు వచ్చిందని ఉత్తరం అందిన రోజున, విడాకుల మాట కూడా అతనే ఎత్తాడు.

“నీకు ఇరవై నాలుగేళ్లు. నా వంటింట్లో ముసలిదానివైపోతుంటే చూస్తూ ఉండలేను, జయా.”

ఆ రోజు ఆమె చాలాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక చూసుకుంటే, మూడేళ్లుగా గుండెల మీదున్న బరువేదో దిగినట్టుంది.

కోర్టులో వీళ్లకంటే ముందు పిలిచిన జంట కుక్క ఎవరికి చెందాలన్న దాని మీద అరగంట వాదులాడుకున్నారు. తర్వాత జయంతి పేరు వినిపించింది. కోటు విప్పి దామోదర్ చేతికిచ్చి వెళ్లి నిలబడింది.

జడ్జి జుట్టు నెరిసిన పెద్దావిడ. ఈ పెళ్లి నిలబడే అవకాశం ఏమైనా ఉందా అని అడిగింది. లేదని జయంతి పైకే చెప్పింది. ఆవిడ చూపు వెనక బెంచీ మీదకు పోయింది. అక్కడ ఒక మగమనిషి ఆడవాళ్ల కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనెవరంటే నా భర్తేనంది జయంతి. ఆయనేమైనా భయపెట్టి తీసుకొచ్చాడా అని జడ్జి గొంతు తగ్గించి అడిగింది.

“లేదండీ. ఈ దేశంలో నాకు ఆయనకంటే మంచివాళ్లు లేరు. భర్త అనుకోవడమే చాతకాలేదు.”

జడ్జి సంతకం పెట్టింది. ఈ రోజు నుంచి చట్టం దృష్టిలో మీరిద్దరూ ఒకరికొకరు ఏమీ కారని చెప్పింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టింది.

కారులో హీటర్ వేడెక్కుతోంది. ‘ఏమీ కారు’ అన్న మాట జయంతి చెవుల్లోంచి పోవడం లేదు. దామోదర్ మాత్రం ఆన్ ఆర్బర్ గదికి సామాను ఎప్పుడు చేర్చాలో లెక్కవేస్తున్నాడు. కుక్కర్ నువ్వే తీసుకెళ్లు, నేను గిన్నెలో వండుకుంటాను అన్నాడు.

“మా అమ్మకి ఏమని రాయను?” అంది జయంతి.

“నువ్వు రాయకు. తప్పంతా నాదేనని నేను రాస్తాను.”

“జన్మలో మీ మొహం చూడనంటుంది.”

దామోదర్ కారుని మెల్లగా రోడ్డెక్కించాడు.

“చూడక ఎక్కడికి పోతుంది, నాకు సొంత అక్కేగా.”