డబ్బాలో చుక్క

"ఛీ! ఆ డబ్బా అట్టుకుని నాను పాయిఖానాకి ఎల్లను. ఎదురుగా మగోలు పేకాడతంటారు" అంటూ వరహాలమ్మ తెల్ల డబ్బాను మంచం కిందికి తోసేసింది.

సీతారాండేరా బస్తీలో ఆ కార్ఖానా ఇళ్ళ లైనంతటికీ పాయిఖానా ఒక్కటే మరి. వరహాలమ్మ కడుపులో గడ్డ ఉంది. అది మంచిదో చెడ్డదో తెలియాలంటే ఒక రోజంతా మూత్రం డబ్బాలో పట్టాలన్నాడు డాక్టరు సీతారామరావు.

"మన కణాల్లో ప్రోటీన్లు అల్లడానికి సాయపడే చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయమ్మా. క్యాన్సరైతే వాటి మారిన ముక్కలు మూత్రంలో ఎక్కువగా పడతాయి. కలకత్తాలో కొత్తగా చూస్తున్నారు. చుక్క పోకూడదు" అని మరీ మరీ చెప్పాడు.

"ఊరుకో అప్పా, డబ్బా సంగతి నాకొగ్గీ" అంది తోటికోడలు నూకమ్మ.

అన్నట్టే భారమంతా తలకెత్తుకుంది. నాలుగు నెలలుగా కడుపుబ్బరమని సోంపు నములుతున్న మనిషి, అయినా డబ్బాను కొంగుచాటున పెట్టుకుని రోజంతా పాయిఖానాకీ ఇంటికీ తిరిగింది. మర్నాడు వరహాలమ్మ పేరున్న చీటీ అతికించి ఆమె భర్త, తన బావ అసిరయ్య చేతికిచ్చింది.

"సుక్క పోనేదు కదా?"

"పోనేదు బావా."

సొంత చెల్లెలు మాత్రం ఇంత చేస్తుందా అని లైను ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

నెల తిరిగాక రిపోర్టు వచ్చిందంటే ముగ్గురూ ఆసుపత్రికెళ్ళారు. డాక్టరు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"చాలా ఎక్కువగా ఉన్నాయి అసిరయ్యా. అండాశయం క్యాన్సరనే అనుమానం. ఆవిడను వెంటనే చేర్పించు."

కార్ఖానాలో ఇరవై ఏళ్ళు క్రేను నడిపిన అసిరయ్య బెంచీ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వరహాలమ్మ కంట మాత్రం నీటిబొట్టు లేదు. నూకమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని తల దించుకుంది. ఎంత గుండె నిబ్బరమో మహాతల్లిది!

నూకమ్మే ఆగలేకపోయింది. "బావా, మల్లీ సెయ్యమను. ఇంకోపాలి సూడమను!" అంటూ అతని కాళ్ళ మీద పడింది.

"ఏడవకే నూకమ్మా. దానికేటైనా అయితే నా పిల్లలకి నువ్వున్నావు కదా" అన్నాడు అసిరయ్య కళ్ళు తుడుచుకుంటూ.

నూకమ్మ తలెత్తి వరహాలమ్మను చూసింది. వరహాలమ్మ ఆమె చెయ్యి ఇంకా వదల్లేదు.

ఆ డబ్బాలో ప్రతి చుక్కా నూకమ్మదే.