తీగ చెప్పని మాట

"మళ్ళీ వచ్చాడా?" కిటికీలోంచి గేటు వైపు చూస్తూ అడిగింది రౌషన్.

"వచ్చాడు. మంచులో నిలబడి ఉన్నాడు. మీతో మాట్లాడే పోతానంటున్నాడు," అన్నాడు కాపలావాడు.

కజకిస్తాన్‌లోని కరగండా నగరంలో ఓ ప్రైవేటు బస్సు డిపో అది. రౌషన్ అక్కడ పెద్ద ఇంజనీరు.

నెల కిందట వాళ్ళ బస్సొకటి వాలు రోడ్డులో ఆగకుండా దూసుకుపోయి, దారి దాటుతున్న నర్సును గుద్దింది. ఆ పిల్ల అక్కడికక్కడే పోయింది. డ్రైవరు తోలెగెన్ జైల్లో ఉన్నాడు. బ్రేకు నొక్కితే పట్టలేదని అతని వాదన.

బస్సు రికార్డు వేరేలా ఉంది. బ్రేకు, ఇంజను, చక్రాలు ఒకే తీగ మీద పంపుకునే సమాచారమంతా అందులో నిలవుంటుంది. దాన్నుంచి కంప్యూటరు గీసిన గ్రాఫులో చివరి ఆరు సెకన్లూ బ్రేకు పెడల్ గీత సున్నా దగ్గరే ఉంది.

బ్రేకు నొక్కనేలేదని రిపోర్టు రాసి సంతకం పెట్టింది రౌషన్.

ఆ తర్వాత మొదలుపెట్టాడు ఈ ముసలాయన, రోజూ రావడం. డ్రైవరు తండ్రి కాబోలనుకున్నారు డిపోలో అందరూ.

ఈసారి రౌషనే విసవిసా గేటు దగ్గరికి నడిచింది.

"ఏం కావాలి పెద్దాయనా మీకు?"

"ఆ సున్నా బ్రేకు చెప్పిన మాటేనా అమ్మా? లేక బ్రేకు ఏమీ చెప్పకపోతే మీ కంప్యూటరు వేసుకున్న సున్నానా?"

రౌషన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని నాది. నాకు పాఠాలు చెప్తారా?"

"నలభై ఏళ్ళు రైల్వేలో తంతి పని చేశాను. 'లేదు' అని కబురు రావడం వేరు, తీగ మూగబోవడం వేరు. రెంటిలో ఏదో మీ కాగితంలో లేదు. ఒక్కసారి అసలు రికార్డు తీసి చూడమ్మా."

"మీవాణ్ణి బయటికి లాక్కోవాలని మీ తాపత్రయం. చచ్చిపోయిన ఆ పిల్ల గురించి ఒక్కసారైనా ఆలోచించారా? సిగ్గనిపించడం లేదూ?"

ముసలాయన మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఇంకోసారి వస్తే పోలీసుల్ని పిలువు," అని కాపలావాడికి చెప్పి పైకి వచ్చేసింది.

కోపం చల్లారలేదు. ఆయన తప్పని తేల్చిపారేయాలనే అసలు రికార్డు తెరిచింది. గీతలు పక్కన పెట్టి, తీగ మీద నడిచిన సందేశాలను ఒక్కొక్కటే చూసింది.

ఇంజనువి ఉన్నాయి. చక్రాలవి ఉన్నాయి.

పెడల్ నుంచి సెకనుకు పదిసార్లు రావాల్సిన సందేశం, ఆ ఆరు సెకన్లలో ఒక్కటీ లేదు.

రాని సందేశాన్ని గీతలు గీసే ప్రోగ్రాం సున్నాగా చూపించింది.

షెడ్డులో ఉన్న ఆ బస్సు దగ్గరికి పరుగెత్తి పెడల్ మూత విప్పింది. పెడల్ నుంచి వచ్చే తీగ ఇనుప అంచుకు ఒరుసుకుపోయి, రెండు పోగుల మీద వేలాడుతోంది. పెడల్ నొక్కినా ఆ కబురు బ్రేకులకు చేరదు.

కొత్త రిపోర్టు చూసి డిపో అధికారి కువానిష్ మొహం మాడ్చుకున్నాడు.

"పాతది కోర్టుకు వెళ్ళిపోయింది. ఇప్పుడిది బయటపెడితే తప్పు మన మీదికొస్తుంది."

"రానీండి. తీగ చూసుకోనిది మనమే కదా. రికార్డు సరిగ్గా చూడనిది నేను. మీరు పంపకపోతే నేనే పట్టుకెళ్తాను."

ఆమే పట్టుకెళ్ళింది. తన మొదటి రిపోర్టు తప్పని జడ్జి ముందు నిలబడి చెప్పింది.

తోలెగెన్‌ను వదిలేశారు. కోర్టు మెట్ల మీద అతన్ని ఆపింది రౌషన్.

"మీ నాన్న ఎక్కడున్నారు? ఆయన్ని నోటికొచ్చినట్టు అన్నాను. క్షమించమని అడగాలి."

"మా నాన్న నా చిన్నప్పుడే పోయాడక్కా."

"మరి వారం రోజులు మా గేటు దగ్గర నిలబడ్డాయన? రైల్వేలో చేశారట."

తోలెగెన్ తల దించుకున్నాడు.

"నా దగ్గరికీ ఒకసారి వచ్చారు, జైలుకి. 'బ్రేకు నొక్కావా' అని ఒక్కటే అడిగారు. నొక్కానన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి వెళ్ళిపోయారు. మొన్న రైలెక్కి ఊరెళ్ళిపోయారని మా లాయరు చెప్పాడు. ఏ ఊరో అడగడానికి నాకు మొహం చెల్లలేదు."

"ఇంతకీ ఎవరాయన?"

"చనిపోయిన ఆ నర్సు వాళ్ళ నాన్న."